పంపినవాని చిరునామా

ఇంటర్నెట్టులో మనము పంపు సందేశమైనను, చిత్రమైనను, బ్యాంకు లావాదేవీయైనను ప్యాకెట్లనెడి చిన్న తునకలుగా విభజింపబడి, పంపిన యంత్రపు ఐపీ అడ్రసును, చేరవలసిన యంత్రపు ఐపీ అడ్రసును ధరించి పయనించును. దారిలోని రౌటర్లు సాధారణముగా గమ్యమును మాత్రమే చదివి ప్యాకెట్టును ముందునకు సాగించును గాని, పంపినవాడు నిజముగా అతడేనా యని విచారింపవు. కవరుపై పంపినవారి పేరు ఏది వ్రాసినను పోస్టుమాను దానిని గమ్యమునకు చేర్చుట వంటిదే యిది. ఇట్లు పరుని అడ్రసును తనదిగా వ్రాసి ప్యాకెట్లను పంపుటయే ఐపీ స్పూఫింగ్.

అయినచో జవాబు ఆ పరునికే పోవును గదా, వంచకునికి లాభమేమి యను సందేహము సహజము. రెండు యంత్రములు టీసీపీ అను నియమావళి ననుసరించి సంభాషణ నారంభించునపుడు అవతలి యంత్రము పంపు క్రమసంఖ్యను ముందుగా ఊహింపగలిగినచో, జవాబు కంటబడకున్నను సంభాషణను నడుపవచ్చునని 1985లోనే బెల్ లేబొరేటరీస్‌లో రాబర్ట్ మోరిస్ చూపెను. హ్యాకరు కెవిన్ మిట్నిక్ పేరుతో ముడివడిన 1994 క్రిస్మస్ నాటి దాడి ఇట్లే జరిగెను. భద్రతా నిపుణుడు సుటోము షిమోమురా కంప్యూటర్లలో ఒకటి మరియొకదానిని అడ్రసును బట్టియే నమ్ముచుండెను. దాడిచేసినవారు ఆ నమ్మకము పొందిన యంత్రమును దొంగ అభ్యర్థనలతో ముంచి మూగవోవునట్లు చేసి, నమ్మిన యంత్రపు క్రమసంఖ్య ప్రతి కొత్త కనెక్షనుకును 1,28,000 చొప్పున పెరుగుచుండుట కనిపెట్టి, అరువు తెచ్చుకొన్న అడ్రసుతో చొరబడి, ఎవరినైనను నమ్ముమను అర్థమిచ్చు రెండు ప్లస్ గుర్తులను దాని నమ్మకపు జాబితాలో వ్రాసిరి.

క్రమసంఖ్యలు ఊహకందని రీతిగా మారిన పిదప ఈ మార్గము చాలవరకు మూసికొనిపోయినను, జవాబు పరునికి పోవుటనే కోరు రెండవ మార్గము బలపడెను. ఒకని అడ్రసును పంపినవాని చోట వ్రాసి, అనేక సర్వర్లకు చిన్న ప్రశ్నలు వేసినచో, ఆ సర్వర్ల పెద్ద జవాబులన్నియు ఆ నిరపరాధిపై ఒక్కుమ్మడిగా విరుచుకొనిపడును. 2018 ఫిబ్రవరి 28న ప్రోగ్రాముల కోడును భద్రపరచు గిట్‌హబ్ అను వెబ్‌సైటుపై జరిగిన దాడిలో, అజాగ్రత్తగా తెరచి ఉంచబడిన మెమ్‌క్యాష్డ్ అను తాత్కాలిక సమాచార నిల్వ సర్వర్లు ప్రశ్నకు 51,000 రెట్ల వరకు జవాబు నీయగలిగినందున, సెకనుకు 1.35 టెరాబిట్ల ప్రవాహము వచ్చిపడి ఆ సేవ కొన్ని నిమిషములపాటు స్తంభించెను.

ఈ వంచన ఐపీ అడ్రసులతోనే ఆగదు. వైఫైలో, ఏ ఐపీ అడ్రసు ఏ పరికరముదో తెలుపు ఏఆర్‌పీ పద్ధతిని వంచించి, అనగా ఏఆర్‌పీ స్పూఫింగ్ చేసి, ఇతరుల సంభాషణను తనగుండా మళ్ళించుకొనువాడును, వెబ్‌సైటు పేరునకు ఐపీ అడ్రసును తెలుపు డీఎన్ఎస్‌లో తప్పుడు జవాబును చొప్పించి దొంగ వెబ్‌సైటుకు త్రోవ చూపువాడును, బ్యాంకు పేరిట ఈమెయిలు పంపి ఓటీపీ నడుగువాడును పరుని గుర్తింపును ధరించినవారే. బ్రౌజరు సర్టిఫికెట్టు హెచ్చరిక చూపినపుడు వెనుదిరుగుటయు, వెబ్‌సైటు పేరును అక్షరమక్షరముగా సరిచూచుటయు, రౌటరుతో వచ్చిన పాస్‌వర్డును మార్చుటయు, ఓటీపీని ఎవ్వరికిని చెప్పకుండుటయు మన చేతిలోని రక్షణలు.

ఐపీ స్పూఫింగునకు మాత్రము అసలు మందు ప్యాకెట్టు బయలుదేరు చోటనే యున్నది. తన నెట్‌వర్కుకు చెందని అడ్రసుతో బయటికి పోజూచు ప్యాకెట్టును ద్వారమునందే ఆపవలెనని, 2000 మే నెలలో ఫెర్గూసన్, సీనీలు ప్రకటించిన బీసీపీ 38 అను సిఫారసు చెప్పుచున్నది. ఇది తెలిసిన విద్యయే. అయినను సర్వత్ర ఆచరణలోనికి రాలేదు, ఏలయన ఈ వడపోతకు శ్రమపడువాడొకడు, ఫలము ననుభవించువాడు ఎక్కడనో యున్న అపరిచితుడు. కావున ఇంటర్నెట్టు సేవల నందించువారును, కళాశాలలలో, కార్యాలయములలో నెట్‌వర్కులను నిర్వహించువారును, లోనికి వచ్చుదానినే గాక తమ వాకిటినుండి వెడలుదానిని కూడ పరీక్షించుట తమ ధర్మముగా ఎంచవలెను. మనవలన పరులకు కీడు కలుగకుండ కాపాడు ఆ వడపోతను అందరును పాటించిననాడే మన రక్షణయు సంపూర్ణమగును.