ఇటాలియను అల్పార్థనామములు: అక్షరవిభాగము, ఊనిక

పియానో, ఫిడేలు నేర్చుకొను విద్యార్థులు స్వరపుస్తకములలో అల్లెగ్రెత్తో, అందంతీనో, సొనతీనా అను మాటలను జూచుచుందురు. ఇవి అల్లెగ్రో, అందంతే, సొనాతా అను నిటాలియను పదముల యల్పార్థరూపములు. వీని నెచ్చట విఱిచి, యెచ్చట నొక్కి పలుకవలయునో తెలియనిచో మాట చెడును.

మన భాషలో చిన్నతనమును దెలుపు మాట ముందు నిలుచును: చిరునవ్వు, చిట్టడవి, చిట్టెలుక. ఇటాలియనులో నది వెనుక జేరును. ఈనో, ఎత్తో, ఎల్లో యను ప్రత్యయములు ముఖ్యములు. స్త్రీలింగమున గొసను ఆకారము వచ్చును. ఇట్లు చేరిన ప్రత్యయ మూరకుండదు. మూలపదములోని యూనికను దనవైపునకు లాగికొనును. తావొలా యనగా బల్ల. ఊనిక 'తా' మీద. చిన్నబల్ల త-వొ-లీ-నో, ఊనిక 'లీ' మీదికి వచ్చినది. ఆల్బెరో యనగా చెట్టు, చిన్నచెట్టు అల్-బె-రెల్-లో. ఊనికను గోల్పోయిన యచ్చు కొన్నియెడల రూపమే మార్చుకొనును. చక్రమునకు రువోతా యని పేరు, చిన్నచక్రము రొ-తెల్-లా. జంటస్వరము పోయి యొంటి యొకారము మిగిలినది.

ఇక విభాగము. లిబ్రో యనగా పుస్తకము, లి-బ్రెత్-తో చిన్నపుస్తకము. ద్విత్తమును వారు నడుమ విఱుతురు. మనము 'త్తో' యని యొక్కటిగా వ్రాసినను, దానికి ముందున్న 'బ్రె' గురువని ఛందస్సు చదివిన బాలు రెఱుగుదురు గదా! చెవికి రెండును సమానమే. సకారముతో మొదలగు సంయుక్తమును మాత్రము వ్రాతలో విఱువరు: ఫినెస్త్రా కిటికీ, ఫి-నె-స్త్రీ-నో రైలుపెట్టెలోని చిన్నకిటికీ. ఇచ్చట వారి పద్ధతి మన లిపివలెనే నడచును. ఊనిక గల యుపాంత్యాక్షర మచ్చుతో ముగిసిన దీర్ఘముగను, హల్లుతో ముగిసిన హ్రస్వముగను వినబడును; కావుననే 'స్త్రీ', కావుననే 'బ్రెత్'.

ఈనోతో ముగిసిన ప్రతిపదమును చిన్నవస్తువు గాదు. తక్కో యనగా పాదరక్ష మడమ. తక్కీనో యనగా టర్కీకోడి!

ఫిడేలునకు మఱియొక పేరగు వయొలిన్ అను మాటయు నిట్టిదే. వియోలా యను వాద్యమునకు వి-యొ-లీ-నో యల్పార్థము. ఇంగ్లీషువారు కడపటి యోకారమును విడిచిరి గాని, యూనికను 'లిన్' మీదనే నిలిపిరి. పెద్దవాద్యమున కోనే యను ప్రత్యయము చేర్చి వియొలోనే యనిరి. దానికి మరల నల్పార్థము చేర్చి వియొలొన్చెల్లో యనిరి, అనగా 'చిన్న పెద్దవియోలా'. నేడు లోకము దానిని చెల్లో యనుచున్నది. వాద్యము పేరంతయు జాఱిపోయి, తోకగా వచ్చిన ప్రత్యయమే మిగిలినది.