ఇ.ఎస్.ఐ. హక్కులపై కార్మికులకు అవగాహన ఆవశ్యకం

వేతన చీటీలో ఇ.ఎస్.ఐ. పేరిట కోత పడుతున్నదని ఎరిగిన కార్మికులలో చాలామందికి, ఆ కోత వలన తమకు సంక్రమించే హక్కులు తెలియవు.

1948 నాటి చట్టంతో ఏర్పడిన ఈ కార్మిక రాజ్య బీమా పథకంలో, 2017 జనవరి 1 నుండి వేతన పరిమితిని నెలకు రూ.21,000కు పెంచడం జరిగింది. 2019 జూలై 1 నుండి చందాను తగ్గించి, కార్మికుని వాటాను వేతనంలో 0.75 శాతంగా, యజమాని వాటాను 3.25 శాతంగా నిర్ణయించారు. ఆ ప్రకారం రూ.12,000 వేతనంపై కార్మికుని వాటా రూ.90, యజమాని వాటా రూ.390. యజమాని తన వాటాను కార్మికుని వేతనం నుండి మినహాయించరాదు.

ఇందుకు ప్రతిగా కార్మికునికి, అతని కుటుంబానికి వైద్యసేవలు లభిస్తాయి. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా చెల్లించినవారు జబ్బుపడి పనికి వెళ్ళలేనిచో, ఏడాదికి 91 రోజుల వరకు సగటు దినవేతనంలో 70 శాతం నగదు పొందవచ్చును. ఇందుకు ఇ.ఎస్.ఐ. వైద్యుని ధ్రువపత్రం సమర్పించవలసి ఉంటుంది. ఈ సంగతి తెలియక ప్రయివేటు వైద్యంతో సరిపెట్టుకొన్నవారు పని లేని రోజుల వేతనంతోపాటు ఈ నగదును కూడా కోల్పోతున్నారు.

కావున పనిలో చేరిన రోజుననే బీమా నంబరు, సమీప డిస్పెన్సరీ, ధ్రువపత్రం పొందే విధానం కార్మికులకు వారి వాడుక భాషలో వివరించడం యాజమాన్యాల, కార్మిక సంఘాల కనీస ధర్మం.