మాలికి 500 ఎందుకు అనుకున్నా!

డాబా మీద 43 కుండీలు. వాటిలో నేను పేరు చెప్పగలిగినవి ఐదే. తులసి, మల్లె, మందారం, కరివేపాకు, కలబంద. మిగతా 38 నా లెక్కలో ‘మొక్కలు’. అంతే!

గత అక్టోబరులో అక్క డెలివరీ కోసం అమ్మ ఆరు నెలలకని అమెరికా వెళ్లింది. ఎయిర్‌పోర్టులో ట్రాలీ తోస్తూ కూడా ఒకటే మాట. ‘‘నువ్వు బయట తిన్నా పర్లేదురా, మొక్కల్ని మాత్రం చూసుకో. మల్లె జాగ్రత్త.’’ ఆ మల్లె మా గృహప్రవేశం అయిన ఏడాది నాన్న తెచ్చి పెట్టింది. నాన్న ఇప్పుడు లేరు. అందుకే ఆ కుండీ గురించి అమ్మ రెండుసార్లు చెప్పింది.

నాదేమో బోడుప్పల్ ఇల్లు, గచ్చిబౌలి ఆఫీసు. ట్రాఫిక్‌లోనే సగం జీవితం. మొక్కల్ని పట్టించుకోవట్లేదన్న గిల్టీతో పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి బకెట్లకు బకెట్లు నీళ్లు పోశా. పదిహేను రోజుల్లో ఆకులు పసుపెక్కాయి. నీళ్లు చాలట్లేదేమోనని ఇంకాస్త పోశా. నవంబరు మొదటివారానికి మూడు కుండీలు ఖాళీ. అమ్మ వీడియో కాల్ చేసినప్పుడల్లా ఫోన్‌ని డాబా వైపు తిప్పకుండా జాగ్రత్తపడేవాణ్ని. ఇక లాభం లేదు, మాలిని పెట్టాల్సిందే అనుకున్నా.

ఒకే పని... మూడు రేట్లు

ముందు ఒక యాప్‌లో చూశా. ఒక్కసారి రావడానికి 799. గంట దాటితే మళ్లీ ఎక్స్‌ట్రా. తర్వాత దగ్గర్లోని నర్సరీలో అడిగా. వారానికోసారి వచ్చేలా నెలకు 3,000, మట్టీ ఎరువూ వాళ్ల దగ్గరే కొనాలి. చివరికి పక్కింటి ఆంటీ ఒక నంబర్ ఇచ్చింది. ఆయన కడియపులంక నర్సరీల్లో చిన్నప్పట్నుంచీ పనిచేసి, పిల్లల చదువుల కోసం హైదరాబాద్ వచ్చిన మనిషి. రాజమండ్రి దగ్గర హైవే మీద వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ రోడ్డుకు రెండు వైపులా కనుచూపు మేర నర్సరీలే.

ఆదివారం వచ్చి డాబా అంతా ఒకసారి తిరిగాడు. ‘‘వచ్చినప్పుడల్లా 500 ఇప్పించండి బాబూ’’ అన్నాడు.

నా బుర్ర వెంటనే లెక్క మొదలెట్టింది. నెలకు నాలుగు ఆదివారాలు, 2,000. నాలుగు కొమ్మలు కత్తిరించి, నీళ్లు చల్లడానికా? ‘‘400 చేసుకోండి బాబాయ్’’ అన్నా. ‘‘గంటన్నర పనైతే 400కి చేద్దునండి. మీ డాబాకి రెండున్నర గంటలు పడతాయండి’’ అన్నాడు. బేరం అక్కడితో ఆగిపోయింది.

నిజం చెప్పాలంటే, ఆ ముందురోజు రాత్రే ఫ్రెండ్స్‌తో బిర్యానీకి 1,800 పెట్టా. అక్కడ బిల్లు కూడా సరిగా చూడలేదు.

మొదటి రోజు ఆయన ఒక్క మొక్కకీ నీళ్లు పొయ్యలేదు. కుండీలు ఒక్కొక్కటీ పక్కకు వంచి, అడుగున మూసుకుపోయిన చిల్లుల్ని ఇనుప చువ్వతో తెరిచాడు. ‘‘ఇవి దాహంతో చావట్లేదండి. మునిగిపోతున్నాయి’’ అన్నాడు. మట్టిలోకి వేలు దించి చూపించాడు. వేలికి తడి తగిలితే ఆ రోజు నీళ్లు పొయ్యొద్దు. ఇంతే రూల్. నెల తిరిగేసరికి కరివేపాకు చిగురేసింది, మిగతావీ తేరుకున్నాయి.

మల్లె కొట్టేశాడు!

జనవరి మొదటి ఆదివారం. రాత్రంతా రిలీజ్ పనిలో ఉండి పొద్దున పడుకున్నా. సాయంత్రం డాబా ఎక్కి చూస్తే మల్లె లేదు! అంటే ఉంది. మోకాలి ఎత్తున నాలుగు మోడు కొమ్మలు మాత్రమే. ఒక్క ఆకు కూడా లేదు.

ఫోన్ చేసి అరిచేశా. ‘‘ఎవర్నడిగి కొట్టారు? అది మా నాన్న పెట్టిన చెట్టు.’’ ఆయన ఏదో చెప్పబోయాడు. నేను విన్లేదు. ‘‘ఈరోజు డబ్బులు ఇవ్వను. ఇక రావద్దు’’ అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘‘మీ ఇష్టం బాబూ. దానికి కొన్నాళ్లు నీళ్లు బాగా తగ్గించండి. చిగురొచ్చాక ఎరువెయ్యండి’’ అని పెట్టేశాడు.

ఆ తర్వాత ఎనిమిది ఆదివారాలు నేనే మాలిని. అంటే 4,000 మిగిలినట్టే కదా? ఆ 4,000 ఏమైందో చూడండి. మందారానికి పిండినల్లి పట్టింది. ఆన్‌లైన్‌లో మందులు తెప్పించి, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఎక్కువ కలిపితే త్వరగా పోతుందని చిక్కగా కొట్టా. పురుగు పోలేదు, ఆకులు మాడాయి. మందులు, ఎరువులు, చచ్చిన వాటి బదులు కొన్న మొక్కలు, ఆటో ఖర్చు... మొత్తం 4,150. మిగలకపోగా 150 ఎదురు పడింది.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు అమ్మతో వీడియో కాల్‌లో ఉండగా పొరపాటున కెమెరా మల్లె వైపు తిరిగింది. నా గుండె ఆగినంత పనైంది. అమ్మ మొహం మాత్రం వెలిగిపోయింది. ‘‘అరే, కత్తిరించావా? చెప్పడం మర్చిపోయానే అని నెల నుంచీ బాధపడుతున్నా. నాన్న ప్రతి ఏడాదీ సంక్రాంతి ముందు కొట్టేవారు. లేకపోతే ఆకులే తప్ప పూలుండవు.’’

అప్పుడు దగ్గరికెళ్లి చూశా. మోడుల నిండా లేత చిగుళ్లు. మల్లె కొత్త చిగుళ్ల మీదే మొగ్గ వేస్తుంది. అందుకే చలికాలంలో కొమ్మలు కత్తిరించి, ఆకులు దూసి, నీళ్లు తగ్గించి దానికి కాస్త విశ్రాంతి ఇస్తారు. నేను ‘మొక్కను చంపేశాడు’ అనుకున్నది, వేసవిలో పూలకోసం చేసిన పని.

ఆయన లెక్క వేరే

వెంటనే ఫోన్ చేశా. సారీ చెప్పేలోపే, ‘‘చిగురేసిందాండి?’’ అన్నాడు. నేను ఎగ్గొట్టిన డబ్బుల ఊసే లేదు. కానీ నా ఆదివారం వేరే ఇంటికి వెళ్లిపోయింది. బుధవారం మాత్రమే ఖాళీ. ఈసారి 600. బేరం ఆడే మొహం నాకు లేదు. వచ్చిన రోజే పాత 500 కలిపి 1,100 ఫోన్‌పే చేశా.

టీ తాగుతూ ఆయన లెక్క చెప్పాడు. రోజుకు మూడిళ్లు దొరికితే మంచి రోజు. ఇంటికీ ఇంటికీ మధ్య ప్రయాణం డబ్బులు ఎవరూ ఇవ్వరు. పెట్రోలు, కత్తెరకు సాన, స్ప్రేయర్ రిపేర్లు అన్నీ ఆయనవే. వానపడిందంటే ఆ రోజు సున్నా. పైగా మొక్క కోలుకుందంటే ‘ఇక మేం చూసుకుంటాం’ అంటారట. పని బాగా చేస్తే పని పోయే ఉద్యోగం అన్నమాట! మాకు ఆఫీసులో మీటింగుల్లో కూర్చున్నా జీతం వస్తుంది. ఆయనకు మట్టిలో చెయ్యి పెట్టిన గంటలకే వస్తుంది. కానీ ఆ గంటల్లో పనిచేసేది పాతికేళ్ల అనుభవం.

మీరూ మాలిని పెట్టుకుంటున్నారా?

నాకు ఖర్చయ్యాక తెలిసిన సంగతులివి. ‘మొక్కకి ఎంత’ అని కాకుండా, మీ డాబాకి ఎంతసేపు పడుతుందో అడగండి. ఎరువు, మందు, మట్టి ఎవరు తేవాలో, పనిముట్లు ఎవరివో ముందే మాట్లాడుకోండి. ఏవి కత్తిరించొచ్చు, ఏవి అడిగాకే కత్తిరించాలో మొదటిరోజే చెప్పండి. ఇంట్లో పదిహేను కుండీలే ఉంటే వారం వారం అక్కర్లేదు, నెలకోసారి పిలిస్తే చాలు. మొదటి రెండు సార్లు మాత్రం మీరూ పక్కన నిలబడండి. నేను నిలబడి ఉంటే ‘ఎందుకు’ అని అడిగేవాణ్ని. ఇంత కథ ఉండేది కాదు.

ఏప్రిల్‌లో అమ్మ వచ్చింది. బ్యాగులు హాల్లో వదిలేసి నేరుగా డాబా ఎక్కింది. దోసెడు మల్లెలు కోసి, సగం దేవుడికి, సగం నాన్న ఫొటో దగ్గర పెట్టింది.

‘‘నువ్వొచ్చేశావుగా, ఇక మాలిని మానిపించేద్దామా?’’ అన్నా.

‘‘వద్దు, నెలకోసారైనా రానివ్వు. నీళ్లు పొయ్యడమే నాకొచ్చు. కత్తిరించడం మీ నాన్నే చూసుకునేవారు’’ అంది.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి బుధవారం ఆయన వస్తున్నాడు. వచ్చే జనవరిలో కత్తెర నా చేతికిస్తానన్నాడు.