ఎండ తగిలితే ఎలక్ట్రాన్ ఎందుకు దూకుతుంది?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా అల్లపల్లి టేకు చెట్లకు పెట్టింది పేరు. అక్కడి ‘గ్లోరీ ఆఫ్ అల్లపల్లి’ అడవిని 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అంతంత మానులు ఎదగడానికి శక్తి ఎక్కడిది? ఎండదే. మరి ఆకు ఎండను ఎలా పట్టుకుంటుంది?

ఆకులోని పత్రహరితం అణువుపై వెలుగు పడగానే అందులోని ఒక ఎలక్ట్రాన్‌కు శక్తి పెరుగుతుంది. పక్కనే దాన్ని పుచ్చుకునే మరో అణువు ఉంటుంది. ఇచ్చేది దాత, పుచ్చుకునేది గ్రహీత. సెకనులో లక్ష కోట్లవ వంతులు కొన్ని గడిచేసరికే ఎలక్ట్రాన్ గ్రహీతను చేరుతుంది.

అది వెంటనే వెనక్కి రాదా? రావచ్చు. వస్తే పట్టిన శక్తి వేడిగా పోతుంది. అందుకే ఆకులో గ్రహీతలు వరుసగా ఉంటాయి. మంటలార్పేటప్పుడు నీళ్ల బిందె చేతులు మారినట్టు ఎలక్ట్రాన్ ముందుకు సాగిపోతుంది. దూరం పెరిగిన కొద్దీ వెనక్కి రావడం కష్టం. పత్రహరితం లోటును నీటి నుంచి వచ్చే ఎలక్ట్రాన్ తీరుస్తుంది. అలా నీరు విడిపోయినప్పుడే ఆక్సిజన్ పుడుతుంది.

శాస్త్రవేత్తలూ ఇదే పద్ధతిని అనుసరిస్తారు. పత్రహరితాన్ని పోలిన పార్ఫిరిన్‌ను దాతగా, 60 కార్బన్ పరమాణువుల ఫుల్లరీన్‌ను గ్రహీతగా తీసుకుని మధ్య అణు వంతెన కడతారు. వంతెన పొడవు మారిస్తే ఎలక్ట్రాన్ వేగం మారుతుంది. ఇలాంటి వేగాలను వివరించే సిద్ధాంతానికి రుడాల్ఫ్ మార్కస్ 1992లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిశోధకులు పార్ఫిరిన్ రంగులతో సౌర ఘటాలు రూపొందించారు. వాటిలో గ్రహీత టైటానియం డయాక్సైడ్. ఎలక్ట్రాన్ వెనక్కి రాకుండా తీగలోకి చేరితేనే మనకు కరెంటు దక్కుతుంది.