వంద అడుగుల ఎత్తున పశువుల కాపరులు

దక్షిణ ఆస్ట్రేలియాలోని అన్నా క్రీక్‌కు ప్రపంచంలోకెల్లా పెద్ద పశుక్షేత్రమని పేరు. దశాబ్దాల పాటు దాని విస్తీర్ణం 23 వేల చదరపు కిలోమీటర్ల పైమాటగా ఉండేది. ఉమ్మడి రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్దదైన పాత అనంతపురం జిల్లా (19,130 చ.కి.మీ.) కూడా అప్పట్లో దానికి చాలేది కాదు. ఇలాంటి క్షేత్రాల్లో మందలను చిన్న విమానాలు, హెలికాప్టర్లే తోలుకొస్తాయి. 1970లో మొదలైన క్షయ, బ్రూసెల్లోసిస్ నిర్మూలన కార్యక్రమంలో తుప్పల్లో దాక్కున్న ఆఖరి పశువునూ పట్టి పరీక్షించాల్సి రావడంతో ఈ పద్ధతి ఆస్ట్రేలియా ఉత్తరాదిన బాగా పాతుకుపోయింది.

అక్కడ కింద పరుగెత్తే పశువుల్లో బ్రాహ్మన్ జాతివి ఎక్కువ. మన ఒంగోలు జాతి రక్తం కలిసిన ఈ పశువులను అమెరికా నుంచి 1933లో ఆస్ట్రేలియాకు తెచ్చారు. మూపురం, వేలాడే గంగడోలు చూస్తే మనవాళ్లెవరైనా ఇట్టే పోల్చుకుంటారు.

అంతంత పెద్ద క్షేత్రాల్లో ఎక్కువగా కనిపించేది అతి చిన్న హెలికాప్టర్లలో ఒకటైన రాబిన్సన్ ఆర్22. ఇద్దరే పడతారు. మనుషులు, ఇంధనంతో సహా గరిష్ఠ బరువు 622 కిలోలు. పై రెక్కలు తేలిక కాబట్టి ఇంజను ఆగిందంటే వాటి వేగం చప్పున పడిపోతుంది. పైలట్ ఎడమచేతి పక్కనున్న లివరును తక్షణం దించాలి. ఒకటి రెండు సెకన్లు ఆలస్యమైతే రెక్కలు ఇక కోలుకోవు. తగినంత ఎత్తుంటే కింది నుంచి వచ్చే గాలి రెక్కలను తిప్పుతూ క్షేమంగా దింపుతుంది. తక్కువ ఎత్తు, తక్కువ వేగం కలిసినచోట ఆ ఆశ లేదు. ఆ హద్దును చూపే గీతను పైలట్లు ‘డెడ్ మ్యాన్స్ కర్వ్’ అంటారు. మంద వెనక తిరిగే పైలట్ పని చాలావరకు ఆ గీత లోపలే.

విమానానికి ముప్పు మలుపులో ఉంది. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు ఒరిగి తిరిగితే రెక్కల మీద భారం రెట్టింపవుతుంది. విమానాన్ని గాలిలో నిలిపే కనీస వేగం 41 శాతం పెరుగుతుంది. 80 కిలోమీటర్ల వేగంతోనూ నిలబడే విమానానికి అప్పుడు 113 కావాలి. మంద నుంచి విడిపోయిన ఆబోతు మీదే చూపు నిలిపి మలుపును ఇంకాస్త బిగించిన క్షణంలో రెక్కలు పట్టు తప్పుతాయి. వంద అడుగుల ఎత్తులో సర్దుకోవడానికి చోటేదీ?

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది కరెంటు తీగ. 1925 ప్రాంతంలో న్యూజిలాండ్ ఇంజనీరు లాయిడ్ మాండెనో రూపొందించిన ఒంటితీగ లైన్లు ఆస్ట్రేలియాలో సుమారు 2 లక్షల కిలోమీటర్లు ఉన్నాయి. సన్నని ఉక్కుతీగ, దూరదూరంగా స్తంభాలు. ఎదురెండలో తీగ కనబడదు, స్తంభాలను చెట్లు మింగేస్తాయి. మందులు చల్లే విమానాలు తీగలకు తగిలిన ప్రమాదాలను ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ పరిశీలిస్తే, సగానికి పైగా సందర్భాల్లో తీగ అక్కడుందని పైలట్‌కు ముందే తెలుసని తేలింది. తెలిసీ, పనిలో పడి, మరిచారు! మందలు తోలే పైలట్‌కూ ఇదే గండం.

500 అడుగుల కిందికి దిగడానికి అక్కడ విడిగా శిక్షణ, అర్హత తప్పనిసరి. దిగేముందు పై నుంచి ఒక చుట్టు తిరిగి తీగలు, స్తంభాలు, ఎండిన చెట్లు గుర్తు పెట్టుకోవాలని నేర్పుతారు. నిన్న ఎగిరిన చోటే అయినా ఆ చుట్టు మానకూడదు.