పూజాపాత్రలో సాలెపురుగు

పదవ శతాబ్దపు మాట. కాన్‌స్టాన్స్ నగరంలో ఈస్టరు పండుగ పూజ జరుగుతున్నది. పీఠాధిపతి కొన్రాడ్ ముందున్న ద్రాక్షారస పాత్రలో పైనుంచి ఒక సాలెపురుగు జారిపడింది. సాలెపురుగు కడుపులోకి పోతే మనిషి దక్కడని ఆనాటి నమ్మకం. పారబోద్దామంటే ప్రతిష్ఠా వచనాలు అప్పటికే ముగిశాయి. కేథలిక్కుల విశ్వాసం ప్రకారం పాత్రలో ఉన్నది ఇక ద్రాక్షారసం కాదు, క్రీస్తు రక్తం. కొన్రాడ్ పురుగుతో సహా త్రాగివేశాడు. ఆ తరువాత ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు అది నోటి వెంట బయటికి వచ్చిందని ఐతిహ్యం. 975లో కన్నుమూసిన కొన్రాడ్‌ను 1123లో పునీతుడిగా ప్రకటించారు. చిత్రకారులు మాత్రం ఆయనను పాత్రతోనూ సాలెపురుగుతోనూ చిత్రిస్తూ వచ్చారు. ఎన్ని సత్కార్యాలు చేసినా లోకానికి గుర్తుండేది ఇటువంటి సంఘటనే కాబోలు!

గంభీరమైన కార్యమే మనిషిని ఎక్కువగా ఇరకాటంలో పెడుతుంది. ఈ సంగతి రోమునగర పెద్దలకు బాగా తెలుసు. 1570లో అయిదవ పయస్ పోపు వెలువరించిన పూజాగ్రంథంలో, బలిపీఠం వద్ద జరగగల పొరపాట్లకోసం ఒక ప్రత్యేక భాగమే ఉన్నది. ప్రతిష్ఠకు ముందు పాత్రలో ఈగ పడితే ఆ రసాన్ని తగినచోట పారబోసి వేరే పోసుకోవాలి. తరువాత పడితే ఏం చెయ్యాలి? గురువుకు వెగటు కలిగితే దానిని తీసి, ద్రాక్షారసంతో కడిగి, పూజ అయ్యాక కాల్చివేయాలి. వెగటుగానీ అపాయభయంగానీ లేకపోతే త్రాగివేయవచ్చు! చలికాలంలో పాత్రలోనిది గడ్డకడితే వెచ్చని గుడ్డలు చుట్టాలి; అప్పటికీ కరగకపోతే పీఠం దగ్గరే పాత్రను మరిగే నీళ్లలో నిలపాలి. ప్రతిష్ఠించిన అప్పం కనిపించకుండా పోవడానికి ఆ గ్రంథం చెప్పిన కారణాలు మరీ ముచ్చటైనవి: గాలి, అద్భుతం, లేదా ఏదైనా జంతువు. ఈ మూడింటినీ ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చోబెట్టిన లేఖకుడు నవ్వుతూ వ్రాశాడో, నవ్వకుండా వ్రాశాడో!

1970లో వచ్చిన కొత్త పూజాగ్రంథంలో ఈ పెద్ద పట్టిక లేదు. అయినా పాత్రలో ద్రాక్షారసానికి బదులు వట్టి నీళ్లు పోసినట్లు గురువు త్రాగేటప్పుడు గ్రహిస్తే ఏం చెయ్యాలో నేటి నిబంధనలూ చెబుతున్నాయి.

నిబంధనలకు లొంగని వస్తువులు కొన్ని ఉంటాయి. స్పెయిన్‌లోని సాంతియాగో దె కొంపోస్తెలా దేవాలయంలో బోతాఫుమేరో అనే మహా ధూపపాత్ర ఉన్నది. బరువు సుమారు 53 కిలోలు. ఎనిమిదిమంది మోకు లాగి ఊపుతూ ఉంటే, గంటకు అరవై కిలోమీటర్లకు పైబడిన వేగంతో భక్తుల తలలమీదుగా పొగలు కక్కుతూ దూసుకుపోతుంది. 1499లో అప్పటి ధూపపాత్ర పట్టుతప్పి కిటికీగుండా వీధిలోకి ఎగిరిపోయింది. 1622లో మోకే తెగింది. ఊపడం మాత్రం మానలేదు.

సంగీతకారుల చిక్కులు వేరు. వారికి శత్రువు గడియారం. సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్పు స్వయంగా చేసే పూజ ఎంత ఘనమైనదైనా ముప్పావు గంట దాటరాదని మోజార్ట్ 1776లో ఒక ఉత్తరంలో మొరపెట్టుకున్నాడు. హేడన్ మరో ఉపాయం ఎరుగును. ఒక చిన్న పూజాసంగీతంలో ఆయన స్తుతిగీతాన్ని ముక్కలుచేసి, నాలుగు గొంతుల చేత నాలుగు వేర్వేరు భాగాలను ఏకకాలంలో పాడించాడు. పదమైతే ఒక్కటీ పోలేదు. అర్థమయ్యే పదం మాత్రం శ్రోతకు ఒక్కటైనా మిగిలిందా అన్నది సందేహమే.

పద్నాలుగవ లూయీ కొలువులో ఆర్గన్ వాయించిన లూయీ మార్షాన్‌కు అడ్డువచ్చింది గడియారం కాదు, భార్య. అతని జీతంలో సగం ఆమెకు ఇవ్వవలసిందని రాజు ఆజ్ఞాపించాడట. ఒకనాడు పూజ సగంలో ఆర్గన్ హఠాత్తుగా ఆగిపోయింది. రాజు పిలిపించి అడిగితే, సగం జీతం తీసుకునే మనిషే మిగిలిన సగం పూజకు వాయించాలి కదా అని మార్షాన్ జవాబిచ్చాడని కథ.