బెంగళూరు చూసొద్దాం, అప్పు చేయకుండా

సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన ఇళ్ళలో పిల్లల నోట వచ్చే మొదటి మాట "బెంగళూరు పోదాం" అన్నదే. హైదరాబాదు రాజధానిగా ఉన్న రోజుల్లోనూ అంతే, ఇప్పుడు అమరావతి అయినా అంతే. అనంతపురం, హిందూపురం, కదిరి వాళ్ళకు పట్నమంటే బెంగళూరే. అనంతపురం నుండి రెండు వందల పది కిలోమీటర్లకు కొంచెం అటూఇటూ. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి అక్కడ ఉంటాం. భాష భయం కూడా లేదు. సరిహద్దు దాటగానే వచ్చే బాగేపల్లిలోనూ తెలుగే వినబడుతుంది. మెజెస్టిక్‌లో ఎవరినైనా తెలుగులో దారి అడిగితే పదిమందిలో ఒకరైనా తెలుగులోనే చెబుతారు.

అయితే మన కరువు సీమ నుండి బెంగళూరుకు పోయేవాళ్ళు చాలావరకు రెండు పనుల మీదనే పోతారు. ఒకటి కూలికి, రెండు ఆసుపత్రికి. ఇంటిల్లిపాదీ కలిసి, ఏ కష్టమూ లేకుండా, ఊరికే చూడడానికి పోయిన కుటుంబాలు మన సంఘాల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి. "మనకెందుకమ్మా అవన్నీ, ఉన్నవాళ్ళు చేసేవి" అని పెద్దలు అంటారు. ఆ మాటతో మేము ఏకీభవించం. ఏడాదంతా ఎండలో పనిచేసిన తల్లిదండ్రులు పిల్లలతో రెండు రోజులు కలిసి తిరిగి, కలిసి తిని, కలిసి నవ్వడం విలాసమేమీ కాదు. కాని ఒక్క షరతు. ఆ రెండు రోజుల కోసం తర్వాతి రెండేళ్ళు వడ్డీ కట్టే పరిస్థితి రాకూడదు.

అందుకే ప్రయాణం పటంతో కాక చేతిలోని డబ్బుతో మొదలు కావాలి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. మనం దాన్ని శిష్యత్వం గురించిన ప్రసంగాల్లో వింటాం, అది సరే. ఇంటి ఖర్చులకు కూడా ఆ కూర్చోవడం అవసరమే. ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థన అయిన తరువాత భార్యాభర్తలు, బడికి పోయే పిల్లలు, అవ్వా తాతా ఉంటే వాళ్ళు కూడా కాగితం, పెన్సిలు పెట్టుకుని కూర్చోండి. మన దగ్గర ఎంత ఉంది అన్నది పిల్లలకు తెలియడం తప్పేమీ కాదు. తెలిసిన పిల్లవాడు దారిలో ప్రతి బొమ్మ కోసమూ మారాం చెయ్యడు.

డబ్బు ఎక్కడినుండి? రోజుకు ఇరవై రూపాయలు మట్టి హుండీలో వేస్తే మూడు వందల రోజులకు ఆరు వేలవుతుంది. చుట్టాల ఇంట్లో దిగి జాగ్రత్తగా ఖర్చు పెడితే నలుగురున్న కుటుంబానికి రెండు రోజులకు ఆ డబ్బు సరిపోతుందని మా అంచనా. శెనక్కాయలు అమ్మిన డబ్బులో కొంత తీసినా మంచిదే, ముందు విత్తనాల బాకీ, ఎరువుల బాకీ తీరిన తరువాత. డ్వాక్రా సంఘం అప్పు దీనికి వాడవద్దు. బంగారం కుదువ పెట్టవద్దు. ఇక ఫోనులో అయిదు నిమిషాల్లో అప్పిస్తామనే యాప్‌ల జోలికి అసలే పోవద్దు. అవి మీ ఫోనులోని నెంబర్లన్నీ తీసుకుని, ఒక వాయిదా తప్పితే చుట్టాలందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తాయి. ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళు మన రాష్ట్రంలోనే ఉన్నారు. విహారానికి అప్పు అన్న మాట ఆ ఇంట్లో వినబడితే, ఆ ఏడాదికి ప్రయాణం మానేయడమే మేలు.

మానేయడం కూడా మనకు కొత్త కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. అదీ పంటకు కావలసినప్పుడు పడదు. జూన్, జూలైలో విత్తిన శెనక్కాయ ఊడ దిగే సమయానికి వాన ముఖం చాటేస్తే ఆ ఏడు ప్రయాణం లేదని పిల్లలకు సూటిగా చెప్పండి. "వచ్చే నెల, వచ్చే నెల" అని మభ్యపెట్టవద్దు. దాని బదులు ఒక రోజు గుత్తి కోట ఎక్కి రావచ్చు, పెనుకొండ చూడవచ్చు, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను కింద సద్ది తిని రావచ్చు. ఆ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి ఖర్చు ఇంకా తక్కువ.

ఈ ఉచిత బస్సు గురించి ఒక మాట. అది రాష్ట్రం లోపలే. కర్ణాటకలో 2023 జూన్ 11 నుండి ఆడవాళ్ళకు బస్సు ఉచితమే, కాని అది ఆ రాష్ట్రం వాళ్ళకు మాత్రమే. మన ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు టికెట్టు కొట్టి ఇస్తాడు. కొందరు హిందూపురం దాకా ఉచితంగా పోయి అక్కడ రైలెక్కవచ్చునని లెక్కలు వేస్తున్నారు. ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గురు నలుగురుంటే, సామాను తక్కువుంటే బాగానే ఉంటుంది. కాని బస్టాండు నుండి స్టేషనుకు ఆటో, మధ్యలో టీలు, నడవలేని అవ్వ ఉంటే ఆ ఎక్కడం దిగడం, ఇవన్నీ కూడితే మిగిలేది అంతంత మాత్రమే. అనంతపురం నుండి నేరుగా పోయే రైల్లో రెండో తరగతి టికెట్టే మా ఓటు. ధర్మవరం, హిందూపురం నుండి మెము రైళ్ళు కూడా ఉన్నాయి. వందేభారత్ రైలు 2023 సెప్టెంబరు నుండి అనంతపురం మీదుగా యశ్వంతపూర్ పోతున్నది. చూడ ముచ్చటగా ఉంటుంది గాని దాని టికెట్టు డబ్బుతో మామూలు రైల్లో ఇంటిల్లిపాదీ పోయి రావచ్చు.

అయిదేళ్ళ లోపు పిల్లలకు రైల్లో టికెట్టు అక్కరలేదు. అయిదు నుండి పన్నెండు లోపు వాళ్ళకు అర టికెట్టు. అయితే రిజర్వేషనులో వాళ్ళకు వేరుగా బెర్తు అడిగితే 2016 ఏప్రిల్ నుండి పూర్తి చార్జీ పడుతుంది. రిజర్వేషను ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తారు, పూర్వం నూట ఇరవై రోజులుండేది. తిరుగు ప్రయాణం టికెట్టు కూడా అప్పుడే తీసుకోండి. చేతిలో డబ్బు ఉండగానే ఇల్లు చేరే దారి ఖాయం చేసుకోవాలి.

ఏ స్టేషనులో దిగుతామో టికెట్టు మీద చూసుకోవడం మరువవద్దు. బెంగళూరు అంటే ఒకటే స్టేషను కాదు. మెజెస్టిక్ దగ్గరున్నది కె.ఎస్.ఆర్. బెంగళూరు, అంటే క్రాంతివీర సంగొళ్ళి రాయణ్ణ పేరు పెట్టిన సిటీ స్టేషను. ఇంకా యశ్వంతపూర్ ఉంది, కంటోన్మెంటు ఉంది, 2022లో మొదలైన విశ్వేశ్వరయ్య టెర్మినల్ ఉంది. మొదటి రెండింటి దగ్గర మెట్రో ఎక్కవచ్చు. విశ్వేశ్వరయ్య టెర్మినల్లో రాత్రిపూట దిగితే ఆటోవాడు చెప్పినంత ఇవ్వవలసి వస్తుంది, ఆ ఒక్క ఆటోకే ఒక పూట భోజనాల డబ్బు పోతుంది.

దిగేది ఎక్కడ? చుట్టాల ఇంట్లో అని చాలామంది అనుకుంటారు. మంచిదే, అయితే ఆ చుట్టాల సంగతి కూడా ఆలోచించాలి. మనవాళ్ళు అక్కడ మేడలలో లేరు. హెబ్బాళ అవతలో, యలహంక పక్కనో ఒక గది, వంటిల్లు, నలుగురికి కలిపి ఒక మరుగుదొడ్డి. నీళ్ళు డబ్బాల లెక్కన కొంటారు. ఆ నగరానికి కావేరి నీళ్ళు నూరు కిలోమీటర్ల దూరం నుండి పంపులతో ఎక్కించి తేవాలి. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం జనం రోడ్డు మీద నిలబడ్డారు. నీటి బాధ ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు కదా. అయిదుగురు పోయి వాళ్ళ డ్రమ్ము ఖాళీ చేసి రావడం న్యాయం కాదు. రెండు రాత్రులకు మించి ఉండవద్దు. ముందుగా ఫోను చేసి, వాళ్ళ గొంతులో తటపటాయింపు వినబడితే మీరే వేరే చోటు చూసుకుంటామని చెప్పండి. పోయేటప్పుడు శెనక్కాయలు, చింతపండు, జొన్నపిండి, ఒక శేరు కందిపప్పు మూట కట్టుకుని పోతే చిన్నమ్మ ముఖం వికసిస్తుంది. పట్నంలో ఊరి జొన్నపిండి బంగారమే.

లాడ్జి అయితే మెజెస్టిక్ చుట్టూ ఎన్నో ఉన్నాయి. అడగవలసిన ప్రశ్న అద్దె ఎంత అన్నది ఒక్కటే కాదు. గది దిగిన గంట నుండి ఇరవై నాలుగు గంటలా, లేక మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చెయ్యాలా అని అడగాలి. తెల్లవారుజామున అయిదింటికి దిగినవాళ్ళు పన్నెండింటి లెక్క లాడ్జిలో చేరితే ఏడు గంటలకే ఒక రోజు అద్దె పోతుంది. అంతకన్నా స్టేషను విశ్రాంతి గదిలో ముఖం కడుక్కుని, సామాను క్లోక్ రూములో పెట్టి (పెట్టెకు తాళం ఉంటేనే తీసుకుంటారు), ఊరు చూసి, సాయంత్రం గది తీసుకోవడం మేలు. మన సంఘాల అతిథి గృహాలు, వై.ఎం.సి.ఏ. వంటివి కూడా నగరంలో ఉన్నాయి. మీ పాస్టరుగారి చేత ముందుగా ఫోను చేయిస్తే కుటుంబానికి భద్రమైన చోటు దొరుకుతుంది.

తిండి విషయంలో మొదటి రోజు ఇంటినుండే. జొన్న రొట్టెలు, శెనక్కాయల పొడి, ఓళిగలు రెండు పూటలకు నిలుస్తాయి. బొరుగులు, బెల్లం పిల్లల సంచిలో వెయ్యండి. తరువాత దర్శిని హోటళ్ళున్నాయి. నిలబడి తినాలి గాని ఇడ్లీ, వడ వేడివేడిగా, శుభ్రంగా ఉంటాయి. ముసలివాళ్ళకు మాత్రం కూర్చునే హోటలే చూడండి, అక్కడ పొదుపు చూడవద్దు.

ఇక చూసేవి. రోజుకు రెండే రెండు. అయిదారు పెట్టుకుంటే బస్సుల్లో తిరగడమే మిగులుతుంది. సిటీ బస్సుకు రోజంతా తిరిగే పాసు 2025 జనవరిలో చార్జీలు పెరిగాక ఎనభై రూపాయలయింది. నాలుగైదు బస్సులెక్కే రోజే అది గిట్టుబాటు. మెట్రో చార్జీలు కూడా అదే ఏడాది ఫిబ్రవరిలో బాగా పెరిగాయి. అయినా పిల్లల సరదాకు ఒక్కసారి మెజెస్టిక్ నుండి విధాన సౌధ దాకా ఎక్కించండి, దూరం కొంచెమే. 1956లో పూర్తయిన ఆ రాతి సౌధాన్ని బయటినుండి చూడవచ్చు. ఎదురుగానే కబ్బన్ పార్కు, టికెట్టు లేదు. పక్కనే కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం, యంత్రాలు తిప్పి చూసే పిల్లలకు సగం రోజు చాలదు. బన్నేరుఘట్ట సఫారీ ఖర్చుతో కూడినది, నగరానికి దూరం. మంగళవారం మూసి ఉంటుంది. మొదటిసారి పోయేవాళ్ళు దాన్ని వదిలేయవచ్చు.

లాల్‌బాగ్ మాత్రం వదలవద్దు. 1760లో హైదరాలీ మొదలుపెట్టిన తోట అది. గాజు మందిరానికి 1889లో పునాది వేశారు. సంక్రాంతి సెలవుల్లో పోతే గణతంత్ర దినోత్సవ పూల ప్రదర్శన కూడా దొరకవచ్చు, జనం విపరీతం. మాకు పూల కన్నా అక్కడి రాతి గుట్ట ఇష్టం. సుమారు 300 కోట్ల ఏళ్ళనాటి రాయి అని భూగర్భ శాస్త్రజ్ఞుల మాట. మన రాప్తాడు, పెనుకొండ గుట్టల జాతిదే, అదే పీఠభూమి. సాయంత్రం దానిమీద కూర్చుంటే కాళ్ళకు తగిలే వెచ్చదనం కూడా మన ఊరిదే.

ఆదివారం పొద్దున ఆరాధన మానవద్దు. కబ్బన్ పార్కు దగ్గరే సెయింట్ మార్క్స్ కెథీడ్రల్ ఉంది, 1808లో పునాది వేసినది. అవెన్యూ రోడ్డులో రైస్ స్మారక మందిరం ఉంది. మన గుత్తిలో సేవచేసిన లండన్ మిషనరీ సొసైటీవారే ఆ బెంజమిన్ రైస్ గారిని పంపింది. ఆయన 1837లో బెంగళూరు వచ్చి యాభై ఏళ్ళు అక్కడే ఉండి బడులు పెట్టారు. ఆయన కుమారుడు లూయిస్ రైస్ గారు కన్నడ దేశపు శాసనాలన్నీ సేకరించి అచ్చు వేసినవారు. తెలుగు ఆరాధన కావాలంటే అక్కడి మన బంధువులనే అడిగితే దారి చూపుతారు.

పటంలో లేని చోటు ఒకటి చెబుతాం. మన జిల్లాల తండ్రులు ఎంతమందో ఆ నగరంలో ఇటుకలు మోశారు, గోడలు పూశారు. నెలల తరబడి నాన్న ఇంట్లో లేని కాలం పిల్లలకు గుర్తుంటుంది. ఆ నెలల్లో ఆయన కట్టిన మేడ ఏదో ఒకటి ఇంకా అక్కడే నిలబడి ఉంటుంది. బస్సు దిగి, రోడ్డు మీదనుండే "నాలుగో అంతస్తు గోడ నేను పూసిందే" అని ఆయన చూపించనివ్వండి. టికెట్టు లేని ఆ అరగంట ముందు మాల్‌లో గడిపే మూడు గంటలు దండగ అని మా అభిప్రాయం.

ఆసుపత్రి పనిని మాత్రం ఈ ప్రయాణంలో కలపవద్దు. హెబ్బాళలోని బాప్టిస్టు ఆసుపత్రి మనకు దారిలోనే ఉందని, ఎలాగూ పోతున్నాం కదా అని అవ్వ మోకాళ్ళు చూపించుకోవాలనుకుంటారు. వరుసలో పొద్దంతా పోతుంది, పిల్లలు విసుగుతారు, అవ్వ తనవల్లే పాడైందని బాధపడుతుంది. దానికి వేరే రోజు, వేరే డబ్బు.

రెండు మూడు కుటుంబాలు కలిసి పోతే గది అద్దె, ఆటో ఖర్చు పంచుకోవచ్చు. కాని లూకా 2వ అధ్యాయంలోని కుటుంబం సంగతి గుర్తుందా? పేదవాళ్ళ కానుకగా రెండు పక్షులను అర్పించిన ఇల్లది. పన్నెండేళ్ళ బాలునితో యెరూషలేము పండుగకు పోయి, తిరుగుదారిలో పిల్లవాడు బంధువుల గుంపులో ఉన్నాడనుకుని ఒక రోజు ప్రయాణం సాగిపోయింది. గుంపులో ప్రతివారూ ఇంకొకరు చూసుకుంటున్నారనుకుంటారు. కాబట్టి ఏ పిల్లవాడు ఏ పెద్దవాళ్ళ బాధ్యతో పేరుపేరునా ముందే చెప్పుకోండి. ప్రతి బిడ్డ జేబులో తండ్రి ఫోను నెంబరు రాసిన కాగితం ఉంచండి. తప్పిపోతే కదలకుండా అక్కడే నిలబడమని నేర్పండి. పిల్లల సహాయానికి 1098, రైల్లో 139.

కొనుగోళ్ళకు పిల్లలందరికీ సమానంగా కొంత డబ్బు చేతికే ఇచ్చేయండి, ఏం కొనుక్కుంటారో వాళ్ళిష్టం. చిక్కుపేటలో చీరల అంగళ్ళ ముందు మాత్రం ఆగవద్దు. ధర్మవరం పట్టు మన గడప ముందుండగా బెంగళూరు పోయి పట్టుచీర కొన్న మాట ఊళ్ళో తెలిస్తే నవ్వుతారు. మొత్తం డబ్బులో నాలుగో వంతు అమ్మ కొంగున ముడి వేసి ఉండాలి, ఇంటి గడప తొక్కేదాకా ఆ ముడి విప్పకూడదు.

తిరిగి వచ్చిన రాత్రే ఖర్చు కాగితం తియ్యండి. అనుకున్నదెంత, అయినదెంత, ఎక్కడ మించింది అని పిల్లల చేతనే కూడించి బీరువాలో దాచండి. కొంగు ముడిలో మిగిలింది తిరిగి హుండీలో వెయ్యండి. వచ్చే ఏడు వానలు బాగా పడి, ఎవరైనా "మైసూరు" అంటే, ఆ కాగితం పనికొస్తుంది.